నేను కుట్టిన గూడబాతు పుణె వెళ్లింది – మినీ క్విల్ట్ ఇచ్చిపుచ్చుకోవడంలో నా అనుభవం

నాకు రావాల్సిన మినీ క్విల్ట్ పార్శిల్ అంది ఇవాళ్టికి నాలుగు రోజులు. మినీ క్విల్ట్ అంటే మూడు పొరలు కలిపి కుట్టిన, గోడకు తగిలించుకునే చిన్న బొంత. అన్నీ గుర్తున్నప్పుడే రాసిపెట్టాలని కూర్చున్నాను. పేపర్ పీసింగ్, అంటే కాగితం మీద గీసిన గీతల వెంట బట్ట ముక్కలు కుట్టి బొమ్మ చేయడం, నేర్పే వీడియోలు బోలెడున్నాయి, వాటిని చూసే నేనూ నేర్చుకున్నాను. కానీ మన బజార్లో దొరికే బట్టతో, జిరాక్స్ షాపు కాగితంతో, ఇంట్లో ఉన్న పాత మిషన్ మీద కుట్టి, ముక్కూ మొహం తెలియని మనిషికి పోస్టు చేసి, మనకు రావాల్సిన దాని కోసం రోజులు లెక్కపెట్టుకోవడం ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు మాత్రం నాకు దొరకలేదు.

మొదలైంది 2023 జులై 30న. మా నెల్లూరులో రొట్టెల పండగ రోజులు. మా పిన్ని కూతురు బెంగుళూరులో ఉంటుంది, పోయినేడు స్వర్ణాల చెరువులో సొంతిల్లు కావాలని కోరుకుని సొంతింటి రొట్టె పట్టుకుని వెళ్లింది, ఈ ఏడు ఫ్లాట్ కొనుక్కుంది కాబట్టి ఆ రొట్టె ఇంకొకరికి ఇవ్వాలని వచ్చింది. చెరువు నుంచి వచ్చాక తడి బట్టలు మార్చుకుని కాఫీ తాగుతూ ఫోన్లో ఒక ఫోటో చూపించింది. జానెడున్నర చదరం బట్ట మీద నక్క తల, అంతా కోణాలు కోణాలుగా, ఒక్కొక్క ముక్క గోరంత, కుట్టు ఎక్కడా పక్కకు పోలేదు. "ఇది నాకు జైపూర్ నుంచి వచ్చిందక్కా, నేను కుట్టింది ఇంకెవరికో కొచ్చి పోయింది" అంది. ముప్పై మంది ఆడవాళ్లు పేర్లు ఇస్తారు, నడిపే ఆవిడ చీటీలు తీసి ఎవరు ఎవరికి కుట్టాలో విడివిడిగా చెబుతుంది. నేను కుట్టేది ఒకరికి, నాకు కుట్టేది వేరొకరు. నాకెవరు కుడుతున్నారో పార్శిల్ బయల్దేరేదాకా నాకు తెలియదు. డబ్బు మాటే లేదు.

నాకు అర్థం కావడానికి రెండుసార్లు చెప్పించుకున్నాను గానీ, పక్కన పప్పు ఏరుకుంటున్న మా అత్తయ్య ఒక్క మాటలో తేల్చేసింది. "అంటే రొట్టెల పండగ మాదిరేగా! ఎవురిదో మనకొస్తది, మనది ఎవురికో పోతది."

ఆగస్టు 15 లోపు పేరు ఇవ్వాలి. ఇచ్చాను. నేను బళ్లో లెక్కలు చెబుతాను, బ్లౌజులు కుట్టడం వచ్చు, క్విల్ట్ అనేది అంతకుముందు ఒక్కటి కూడా కుట్టలేదు. ఆ మాట ఫారంలో దాచకుండా రాశాను. ఫారంలో ఏమడిగారంటే ఇష్టమైన రంగులు, అస్సలు వద్దనుకునే రంగులు, ఇష్టమైన బొమ్మలు, ఇంట్లో కుక్కాపిల్లీ ఉన్నాయా, ఎవరైనా సిగరెట్ కాలుస్తారా. ఈ చివరి రెండూ ఎందుకా అనుకున్నాను, బట్ట వాసన పట్టేస్తుందట, కొంతమందికి వెంట్రుకలు పడవట. కొలత ఏ పక్కకైనా 16 నుంచి 20 అంగుళాలు. పోస్టు చేయాల్సిన ఆఖరి రోజు నవంబరు 15.

ఆగస్టు 20న నాకు పేరు వచ్చింది. పుణెలో ఒకావిడ. ఇష్టాలు: నీలం, పక్షులు, నీళ్లు. వద్దనేవి: నలుపు, మరీ మెరిసే బట్టలు. ఆ నాలుగు మాటలు పట్టుకుని మూడు నెలలు ఒక మనిషి గురించి ఆలోచించాను. ఆవిడ ఇల్లు ఎలా ఉంటుందో, ఏ గోడకు తగిలిస్తుందో అని, ఇప్పుడు తలచుకున్నా ఆశ్చర్యంగా ఉంటుంది, ఎప్పుడూ చూడని మనిషి అంత దగ్గరగా అనిపించడం.

పక్షి అనగానే గూడబాతే తోచింది. చిన్నప్పుడు నాన్న నేలపట్టు తీసుకెళ్లి చూపించిన పక్షి, ముక్కు కింద సంచి ఉంటుందే, అది. జిల్లాలు విడిపోయాక నేలపట్టు, వెంకటగిరి రెండూ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి గానీ మాకు ఇంకా మావే. పైగా గూడబాతు మెడ, ముక్కు, రెక్క అన్నీ కోణాల్లో పెట్టడానికి వీలైన ఒళ్లు. పేపర్ పీసింగ్‌లో వంపు ఉండదు, అన్నీ తిన్నటి గీతలే.

చేయనివాళ్లకు తెలియడం కోసం పని ఎలా ఉంటుందో ఒక్కసారి చెబుతాను. కాగితం మీద బొమ్మ గీతలుంటాయి, ప్రతి గడికీ అంకె ఉంటుంది, ఆ అంకెల వరసలోనే కుట్టాలి. బట్ట ఉండేది కాగితం వెనక, గీత లేని వైపు. కుట్టు వేసేది ముందు వైపు, గీత మీద. ఒకటో ముక్క మంచి వైపు బయటికి ఉండేలా పెట్టి, రెండో ముక్కను దాని మీద బోర్లించి, కాగితం తిప్పి గీత మీద కుట్టి, రెండో ముక్కను వెనక్కి విప్పి ఇస్త్రీ చేయాలి. ఆ తర్వాత మూడోది. కుట్టు సరిగ్గా గీత మీద పడుతుంది కాబట్టి సూది మొనల్లాంటి కోణాలు కూడా చెదరకుండా వస్తాయి. అన్నీ అయ్యాక కాగితం చింపేస్తాం. ఆ చింపే పని సులువుగా అవ్వాలంటే కుట్టు చాలా దగ్గరగా ఉండాలి, ఒకటిన్నర మిల్లీమీటరు, అంటే అంగుళానికి 17 దాకా కుట్లు. మామూలుగా మనం వేసేది పదీ పన్నెండే. కుట్టు అంత దగ్గరగా ఉంటే పొరపాటున విప్పాల్సి వచ్చినప్పుడు ప్రాణం పోతుంది, ఇది ముందే తెలిసి ఉంటే మంచిది.

మా ఇంట్లో ఉన్నది అమ్మ ఇచ్చిన కాలితో తొక్కే నల్ల ఉషా మిషన్. ఎలక్ట్రిక్ మిషన్ లేకపోతే కుదరదేమోనని భయపడ్డాను, కుదిరింది. ఒక్కొక్క కుట్టు ఆపి ఆపి వేయాల్సిన పనికి కాలి మిషనే చేతిమాట వింటుంది. సూది మాత్రం 14 నంబరు వేశాను, కాగితానికి కొంచెం పెద్ద బెజ్జం పడితేనే చినుగుతుంది. కాగితం కుట్టిన సూది తొందరగా మొద్దుబారుతుంది, దాంతో తర్వాత బ్లౌజు కుట్టకండి, పోగులు లాగేస్తుంది.

ఆగస్టు 26న మొదటి ప్రయత్నం. నేనే స్కేలుతో నెల్లూరుకు ఇంగ్లిషు అక్షరం 'ఎన్' గీసుకుని ఐదు ముక్కల్లో కుట్టాను. గంటన్నర పట్టింది. తిప్పి చూస్తే అక్షరం అద్దంలో కనిపించినట్టు తిరగబడి వచ్చింది. బట్ట ఉన్నది కాగితం వెనక కదా, మనం గీసింది ఎప్పుడూ ఎడమ కుడి మారే వస్తుంది. వీడియోలో ఆ మాట చెప్పే ఉంటారు, చేతితో చేసేదాకా నాకు ఎక్కలేదు. గూడబాతును అందుకే ముందే తిప్పి గీసుకున్నాను.

గీయడానికే రెండు వారాలు పట్టింది. బళ్లో జామెట్రీ చెప్పేదాన్ని, ఇది నా సొత్తే అనుకున్నాను. అసలు చిక్కు గీతల్లో లేదు, వరసలో ఉంది. ఏ ముక్క తర్వాత ఏ ముక్క వస్తే అన్ని కుట్లూ అంచు నుంచి అంచుకు తిన్నగా వెళతాయో చూసుకోవాలి, వెళ్లకపోతే బొమ్మను ఇంకో భాగంగా విడగొట్టాలి. చివరికి నాలుగు భాగాలైంది. మెడా సూర్యుడూ ఒకటి, తలా ముక్కూ ఒకటి, ఒళ్లు ఒకటి, నీళ్లు ఒకటి. మొత్తం 43 ముక్కలు. మా అబ్బాయి దాన్ని కంప్యూటర్లో ఎక్కించి ఇచ్చాడు.

ఇక్కడ ఒక దెబ్బ తిన్నాను, కాగితం ప్రింటు దగ్గర. మొదటి రెండు పేజీలు ఒక షాపులో, కరెంటు పోతే మిగతా రెండు పేజీలు పక్క వీధి షాపులో తీయించాను. ఒక షాపులో 'ఫిట్ టు పేజ్' పెట్టి తీశారు, ఇంకోచోట ఉన్నది ఉన్నట్టు తీశారు. కంటికి తేడా కనిపించలేదు. సెప్టెంబరు 10న తల భాగం కుట్టి, 16న ఒళ్లు కుట్టి, రెండూ పక్కపక్కన పెడితే ఒక అంచు పావు అంగుళానికి పైగా పొట్టిగా ఉంది. మూడు సాయంత్రాలు పోయాయి. ఏడుపొచ్చింది, నిజంగానే. అప్పటి నుంచి ప్రతి పేజీ మూలన ఒక అంగుళం గడి గీసుకుంటున్నాను, షాపులోనే స్కేలు పెట్టి కొలిచి, సరిపోతేనే డబ్బులిస్తున్నాను. స్కేలు పెట్టి కొలుస్తుంటే షాపతను వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

బట్ట సంగతి. చిన్న బజారులో మ్యాచింగ్ షాపులన్నీ తిరిగాను. తెలుపు, బూడిద రంగు, లేత పసుపు, సూర్యుడికి ఎరుపు, అన్నీ కాటన్ బ్లౌజు పీసులే దొరికాయి. నీలమే కుదరలేదు. ఉన్న నీలాలన్నీ ఒకే రంగుతో చదునుగా ఉన్నాయి, నీళ్లు అలా ఉండవు కదా. వినాయక చవితికి అమ్మ పొదిలి నుంచి వచ్చింది, సెప్టెంబరు 18. విషయం చెబితే ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయి, వారం తర్వాత వచ్చే మా బాబాయి చేత ఒక సంచి పంపింది. అందులో తన పాత వెంకటగిరి చీర. నెమలికంఠం రంగు, కుచ్చిళ్ల దగ్గర మడతల్లో ఇంకా ముదురు, పైట దగ్గర ఎండకు వెలిసి ఆకాశం రంగు. ఒకే చీరలో నాకు కావాల్సిన నీలాలు నాలుగున్నాయి.

కత్తెర పెట్టలేకపోయాను. రెండు రోజులు అలాగే మంచం మీద మడిచి పెట్టుకున్నాను. అమ్మకు ఫోన్ చేసి "ఎవరో తెలియని వాళ్లకు పంపేదానికి నీ చీర కొయ్యమంటావా" అంటే, "మీ అమ్మమ్మ పాత చీరలు బొంతలో వేసేది, ఆ బొంతలు ఎవరెవరో చుట్టాలు కప్పుకుపోలేదా, మధ్యలో చినిగిన చీర నేను కట్టుకుంటానా, కొయ్యి" అంది. కోశాను. పైట వైపు నుంచి మూరెడు, కుచ్చిళ్ల వైపు నుంచి మూరెడు. మిగతాది నా బీరువాలో ఉంది.

వెంకటగిరి నేత పలుచన. ఏటవాలుగా కోస్తే సాగిపోతుంది. దానికి గంజి పెట్టడమే మందు. చిక్కటి గంజిలో ముంచి, నీడన ఆరేసి, కొంచెం చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేస్తే కాగితంలా బిగుసుకుంది, ఆ తర్వాత ఒక్క ముక్క కూడా సాగలేదు. స్ప్రే డబ్బాలు కొనక్కర్లేదు.

ముక్కలు కోసేటప్పుడు మనకు పొదుపు బుద్ధి ఎక్కువ, అదే కొంప ముంచుతుంది. గడి ఎంతుందో అంతకు అర అంగుళం ఎక్కువ కోస్తే చాలనుకున్నాను. కోణంగా ఉన్న ముక్క కుట్టి విప్పితే ఒక మూల చాలదు. ప్రతి వైపూ వేలి వెడల్పు మిగులు ఉండాల్సిందే. కుట్టే ముందు కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసుకోవాలి, గడి దాటి అన్ని వైపులా బట్ట కనిపించాలి. మిగులు కత్తిరించడానికి ప్రత్యేకంగా స్కేలు అమ్ముతారు, నేను కొనలేదు, తర్వాతి గీత మీద పోస్టుకార్డు పెట్టి కాగితం మడిచి, మడత నుంచి పావు అంగుళం వదిలి కోశాను. కుట్టు మొదట్లో, చివర గీత దాటి రెండు మూడు కుట్లు ముందుకు పోవాలి, తర్వాత వచ్చే కుట్టు వాటిని నొక్కి పట్టుకుంటుంది.

ఇంకొకటి ఎవరూ గట్టిగా చెప్పనిది, జిరాక్స్ మసి. ప్రింటు వైపు వేడి ఇస్త్రీ పెట్టాను, నల్లటి మసి పెట్టెకు అంటుకుంది, అక్కడి నుంచి తెల్ల బట్టకు. ఆ ముక్క పారేయాల్సి వచ్చింది. బట్ట వైపు నుంచే ఇస్త్రీ చేయండి, లేకపోతే మధ్యలో పాత గుడ్డ వేయండి. కాగితం చినిగితే సెల్లోటేపు అంటిస్తాం కదా, దాని మీద ఇస్త్రీ అసలే వద్దు.

అక్టోబరు 20 నాటికి నాలుగు భాగాలూ అయ్యాయి, దసరా సెలవుల్లో అన్నిటినీ కలిపాను. కలిపేటప్పుడు ముందు పెద్ద కుట్టుతో వేసి, తిప్పి చూసి, గీతలు గీతలకు కలిశాయని నమ్మకం కుదిరాకే చిన్న కుట్టు వేయాలి. మెడ గీత ఒళ్లు గీతతో కలిసిన చోట వెంట్రుక వాసి కూడా తేడా రాలేదు. ఆ రాత్రి ఇంట్లో అందరినీ లేపి చూపించాను, మా ఆయన నిద్రకళ్లతో "కొంగ చాలా బాగుంది" అన్నారు.

కాగితం చింపడం అక్టోబరు 21న. నేను వాడింది మామూలు 75 జీఎస్ఎం కాగితం, మందం ఎక్కువ, లాగుతుంటే కుట్లు కూడా లేస్తున్నాయి. తడిపితే మెత్తబడి సులువుగా వస్తుందని చదివాను, బట్టలకు చల్లే నీళ్ల సీసాతో వెనకంతా చల్లాను. నిజమే, సులువుగా వచ్చింది. పది నిమిషాల తర్వాత ముందు వైపు తిప్పాను. సూర్యుడి ఎరుపు దిగి తెల్ల మెడలోకి పాకింది. గొంతు కోసినట్టు కనిపించింది నా పక్షి.

మిగతా బట్టలన్నీ ఉతికే వాడాను. ఎరుపొక్కటి పండగ హడావుడిలో తెచ్చిన రోజే కోసేశాను. అంతే, ఆ ఒక్కటే. అత్తయ్య ఉప్పునీళ్లు అంది, పక్కింటి ఆంటీ వెనిగర్ అంది, రెండూ చేశాను, మరక లేతబడి ఇంకా వెడల్పయింది. ఆ రెండు రోజులు మిషన్ గదిలోకి వెళ్లలేదు. నడిపే ఆవిడకు ఫోన్ చేసి మానేస్తానని చెప్పాలనుకుని నంబరు కూడా తీశాను. అప్పుడు గుర్తొచ్చిందేమిటంటే, నేను మానేస్తే పుణెలో ఒక మనిషికి ఏమీ రాదు. ఆవిడ మాత్రం ఎవరికో కుడుతూనే ఉంటుంది. నంబరు మూసేశాను.

మెడ భాగం మొత్తం విప్పాను. అంగుళానికి 17 కుట్లు, బ్లేడు పెట్టి ఒక్కొక్కటీ తెంపడానికి రెండున్నర గంటలు. ఈసారి కాగితం పద్ధతి మార్చాను, ఇది నాకు చాలా నచ్చింది కాబట్టి వివరంగా చెబుతాను. పిల్లల రఫ్ నోటుబుక్కులో పలుచటి కాగితాలుంటాయే, అవి మూడు పేర్చి, పైన ప్రింటు పేజీ పెట్టి పిన్నులు గుచ్చి, మిషన్‌లో దారం తీసేసి ఉత్త సూదితో గీతలన్నిటి మీదా కుట్టాను. మూడు కాగితాల మీదా గీతల వెంట బెజ్జాలు పడ్డాయి. అంకెలు పెన్సిల్‌తో వేసుకున్నాను. మసి గొడవ లేదు, కాగితం ముందే బెజ్జాలు పడి ఉంది కాబట్టి చేత్తో అంటే చాలు, తడపకుండానే వచ్చేస్తుంది. మొదటి నుంచీ ఇలాగే చేసి ఉంటే మరక పడేదే కాదు.

కొత్త ఎరుపు నాలుగుసార్లు ఉతికి, తడి తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది, రంగు అంటడం లేదని చూసుకుని కోశాను. అక్టోబరు 31కి మెడ మళ్లీ కుదిరింది.

లోపల పెట్టే పొర కోసం కాటన్ బ్యాటింగ్ ఆన్‌లైన్లో తెప్పించాను, 450 రూపాయలు. చిన్న ముక్కే కావాలి, పెద్దది కొనాల్సి వచ్చింది. పాత ఫ్లానెల్ దుప్పటి ముక్క వేసినా సరిపోతుందని తర్వాత తెలిసింది. మూడు పొరలూ కలిపి కుట్టే పని చేత్తోనే చేశాను. అమ్మ దీపావళికి నాలుగు రోజులు ముందే వచ్చింది. నేను ఒక అంచు నుంచి మొదలుపెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "బొంత ఎప్పుడూ నడిమధ్య నుంచి బయటికి కుట్టాలమ్మా, అంచు నుంచి మొదలెడితే మధ్యలో బట్టంతా పోగై ముడతలు పడద్ది." అమ్మమ్మ దగ్గర చూసిందట. నేను చూసిన వీడియోల్లో కూడా ఇదే చెప్పారు. నీళ్ల మీద అలల్లా వంకర వరసలు అమ్మ కుట్టింది, ఆకాశంలో నేను కుట్టాను. దగ్గరగా చూస్తే ఎవరి కుట్టు ఏదో తెలిసిపోతుంది, అమ్మవి గోధుమ గింజల్లా ఒకే సైజు.

అంచుకు బైండింగ్, రెండున్నర అంగుళాల పట్టీ మడిచి, మూలలు ఏటవాలుగా తిప్పి. వెనక పై రెండు మూలల్లో చిన్న త్రికోణం జేబులు, వాటిలో కర్ర పుల్ల దూర్చితే ఒక్క మేకుకు తగిలించుకోవచ్చు. వెనక చిన్న తెల్ల గుడ్డ మీద 'నెల్లూరు, 2023' అని తెలుగులో కుట్టాను. ఆవిడ చదవలేదు, అయినా తెలుగులోనే కుట్టాలనిపించింది.

పార్శిల్‌లో తోడుగా ఏదైనా పెట్టే అలవాటుంది. మలై ఖాజా పెడదామనుకున్నాను, నడిపే ఆవిడ వద్దంది. తినేవి పెడితే దారిలో నూనె దిగుతుంది, చీమలు పడతాయి. అందుకని ఉదయగిరి చెక్క చెంచా ఒకటి, 60 రూపాయలు, చీర ముక్క ఒక జానెడు పెట్టాను. క్విల్టును మడవకూడదు, మడత గీత పోదు. బొమ్మ బయటికి ఉండేలా గుండ్రంగా చుట్టి, జిప్పు కవర్లో పెట్టి, గాలి తీసేసి, దాని మీద అట్ట, దాని మీద కవరు.

నవంబరు 15, బుధవారం, ఆఖరి రోజు. బడికి గంట పర్మిషన్ పెట్టి పోస్టాఫీసుకు వెళ్లాను. స్పీడ్ పోస్టు, జీఎస్టీతో 71 రూపాయలు. కౌంటర్లో ఆవిడ "లోపల ఏముందమ్మా" అంటే "గూడబాతు" అనేశాను. తర్వాత "బట్ట, బట్ట" అని సరిదిద్దుకున్నాను. రసీదు పట్టుకుని బయటికి వచ్చాక మనసంతా ఖాళీ అయిపోయింది. మూడు నెలలు రోజూ చేతిలో ఉన్నది ఇక లేదు. ఆ సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పి పడుకున్నాను. ఆడపిల్లను పంపినట్టుందని అమ్మతో అంటే నవ్వలేదు, "ఉంటది" అంది.

20న అందినట్టు ట్రాకింగ్‌లో కనిపించింది. ఆవిడ నుంచి ఏ మాటా లేదు. 21న కూడా లేదు. నచ్చలేదేమో, నీలం ఆవిడ అనుకున్న నీలం కాదేమో, పాత చీర పెట్టానని చిన్నబుచ్చుకుందేమో అని పిల్లల లెక్కల పుస్తకాలు దిద్దుతూ కూడా అవే ఆలోచనలు. 22 రాత్రి మెసేజ్ వచ్చింది. ఊళ్లో లేదట, అప్పుడే ఇంటికి వచ్చి విప్పిందట. పుణె దగ్గర భిగ్వాన్‌కు ప్రతి చలికాలం ఫ్లెమింగోలను చూడటానికి వెళతారట వాళ్లు. "నీళ్ల మీద చెయ్యి పెట్టి చూశాను, ఇది కొత్త బట్ట కాదు కదా, ఎవరిది" అని అడిగింది. అమ్మ సంగతి చెప్పాను. ఆ మెసేజ్ అమ్మకు చదివి వినిపించాను, మూడుసార్లు.

ఇక నాకు రావాల్సింది. నవంబరు 17న నడిపే ఆవిడ ఫోన్ చేసింది. నాకు కుట్టే ఆవిడకు జ్వరం, రెండు వారాలు ఆలస్యమవుతుందట. ఆగుతారా, లేకపోతే వేరే ఎవరితోనైనా కుట్టించమంటారా అంది. ఇలా రానివాళ్ల కోసం సొంతంగా ముందుకొచ్చి కుట్టేవాళ్లు ఇద్దరు ముగ్గురుంటారట, దేవతలని పిలుస్తారట వాళ్లని. ఆగుతాను అన్నాను. నా గూడబాతు మెడ రెండోసారి కుట్టిన రోజులు గుర్తొచ్చాయి.

నవంబరు 30న కోయంబత్తూరు నుంచి కొరియర్‌లో బయల్దేరింది. అప్పుడే పేరు తెలిసింది. డిసెంబరు 2న చెన్నై చేరినట్టు చూపించింది. ఆ తర్వాత మిచౌంగ్ తుఫాను. 3, 4 తేదీల్లో చెన్నై మునిగింది, మాకు నెల్లూరులో రాత్రింబవళ్లు వాన, కరెంటు లేదు, బడికి సెలవు. 5న మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. జనం అన్నానికి ఇబ్బంది పడుతుంటే నేను క్విల్ట్ గురించి ఆలోచిస్తున్నానని సిగ్గుగా కూడా అనిపించింది, అయినా ఆలోచన ఆగలేదు. పన్నెండు రోజులు ట్రాకింగ్‌లో అదే ముక్క, 'చెన్నై హబ్'. కోయంబత్తూరు ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చిందా అని అడిగేది. నాకంటే ఆవిడ టెన్షనే ఎక్కువ.

డిసెంబరు 14 మధ్యాహ్నం వచ్చింది. అట్ట ఒక మూల మెత్తగా నాని ఆరిన గుర్తు. లోపల కవరుంది గానీ జిప్పుది కాదు. విప్పాను. కొబ్బరి చెట్లు, పెంకుటిల్లు, వాకిట్లో ముగ్గు, ఆ ముగ్గు కూడా ముక్కలతో కుట్టిందే, ఒక్కొక్క ముక్క పెసర గింజంత. నాకు ముగ్గులిష్టమని ఫారంలో రాసిన సంగతి నేనే మర్చిపోయాను. కింది మూలన బైండింగ్ మెరూన్ రంగు దిగి, గోధుమ రంగు నేల మీద బొటనవేలంత మరక.

మొదట చేసిన పని దాన్ని ఇస్త్రీకి దూరంగా పెట్టడం, వేడి తగిలితే రంగు ఇంకా పట్టుకుంటుంది. పెద్ద బేసిన్ నిండా నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త, రాత్రంతా ముంచి, మధ్యలో లేచి నీళ్లు మార్చాను. లేత గులాబీ నీడ మిగిలింది. ముగ్గుకు అంటలేదు.

చెప్పాలా వద్దా అని ఒక రోజంతా తేల్చుకోలేకపోయాను. జ్వరంలో కుట్టింది. చెబితే బాధపడుతుంది. చెప్పకుండా ఆ మూల కనిపించకుండా ఫోటో తీసి పెట్టొచ్చు, తీశాను కూడా. కానీ తను కుట్టింది ఎలా చేరిందో తనకు తెలియాలి కదా, నాకైతే తెలియాలనే ఉంటుంది. మొత్తం కనిపించే ఫోటో పంపించాను. వెంటనే ఫోన్ మోగింది. అరవం, ఇంగ్లిషు కలిపి మాట్లాడింది, వెనక్కి పంపు, బైండింగ్ మార్చి ఇస్తాను అని ఒకటే పట్టు. ఎరుపు పాకిన గూడబాతు మెడ ముక్కను, పారేయకుండా దాచుకున్న దాన్ని, ఫోటో తీసి పంపాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. వెనక్కి పంపలేదు. హాల్లో తగిలించాను, మరక ఉన్న మూల కూడా అందరికీ కనిపించేలాగే.

ఖర్చు ఎంతని అడిగేవాళ్ల కోసం. బట్టలు 640, బ్యాటింగ్ 450, సూదులు 60, ప్రింట్లు, కాగితాలు 85, కొలవడానికి కొన్న గళ్ల గ్లాసు స్కేలు 400, చెంచా 60, పోస్టు 71. మొత్తం 1766 రూపాయలు. స్కేలు, బ్యాటింగ్ మిగిలాయి కాబట్టి ఇంకోటి కుడితే ఇందులో దాదాపు సగమే అవుతుంది. గంటలు డైరీలో రాసుకున్నాను, విప్పడంతో కలిపి 52.

మళ్లీ ఫిబ్రవరిలో పేర్లు తీసుకుంటారట, ఇచ్చేశాను. అమ్మ ఈసారి తన పేరు కూడా వేరేగా ఇమ్మంటోంది. నిన్న చిన్న బజారు నుంచి తెచ్చిన ఎర్ర పీసు బకెట్లో నానబెట్టాను. ఇది మూడో నీళ్లు, ఇంకా రంగు దిగుతూనే ఉంది.